జమ్లి అవ్వ గాజులు

ఆ ముసలామె లేచి వెళ్లిపోతుంటే పరిమళకు హాయిగా అనిపించింది. ఈ మాట ఆమె అప్పుడు ఎవరితోనూ అనలేదు.

దేవరకొండ వైపు ఒక పాత దర్గా వసారాలో ఖలీలుల్లా బాబా ఉచితంగా వైద్యం చేస్తాడు. డాక్టరీ చదివి, తర్వాత సూఫీ దారి పట్టిన మనిషి. పరిమళ పది తప్పింది. దొరికిన పుస్తకమల్లా తానే చదువుకుని, ఆయన దగ్గర చేరి రెండేళ్లయింది. బీపీ చూసి రిజిస్టరులో రాయడం ఆమె పని. ఎవరొచ్చినా ఒకే వరస, ఒకే మాట. ఆ సంగతి చెప్పుకోవడం ఆమెకు ఇష్టం.

సోమవారం లంబాడీ తండా నుంచి జమ్లి అవ్వ వచ్చింది. రెండు రోజులుగా కళ్లు తిరుగుతున్నాయంది. మణికట్టు నుంచి భుజం దాకా రెండు చేతులకూ తెల్లటి గాజులు. బీపీ మిషన్ పట్టీ చుట్టడానికి చోటే లేదు. తియ్యమంది పరిమళ.

"తియ్యరాదు బిడ్డా. మా ముసలాయన బతికున్నడు."

దానికీ దీనికీ ఏం సంబంధమని పరిమళ అడగలేదు. వెనక నలభై మంది ఉన్నారు. షేర్వానీతో వచ్చినా గోచీతో వచ్చినా ఇక్కడ రూలు ఒకటేనంది. అవ్వ ఆమె మొహంలోకి కాసేపు చూసి, స్తంభం పట్టుకుని లేచి, తూలుకుంటూ మెట్లు దిగింది. పేరు పక్కన పరిమళ 'ఒప్పుకోలేదు' అని రాసింది.

గురువారం రిజిస్టరు తిరగేస్తూ బాబా ఆ గడి మీద వేలు ఆపాడు. పరిమళ జరిగిందంతా చెప్పింది, ఆ హాయి ఒక్కటి వదిలేసి.

"నేనెవరికీ తేడా చూపను బాబా. ఆమెకొక్కదానికే వేరే రూలు పెడితే మిగతావాళ్లకు అన్యాయం కాదా?"

బాబా ఆమెను రోగుల బల్ల మీద కూర్చోమన్నాడు. తాను మిషన్ తీసుకుని ఆమె ముందు నేల మీద చతికిలబడ్డాడు.

"కాలు చాపు."

పరిమళ కాలు వెనక్కి లాక్కుంది. గురువు తన పాదం ముట్టుకోవడమేమిటి. ఆయన చెయ్యి చాచి అలాగే ఉన్నాడు. చివరికి చాపింది. చీలమండ పైన పట్టీ చుట్టాడు.

"మోచేతి పైనున్న గాజులు లంబాడీ ఆడవాళ్లు మొగుడు పోయిననాడే తీస్తారు" అన్నాడు, పట్టీ సర్దుతూ.

మిషన్ కాసేపు గుర్రుమని ఆగింది. అంకె చూశాడు.

"మనిషిని పడుకోబెట్టి చూడు, అయినా కాలి మీద కాస్త ఎక్కువ చూపిస్తుంది. రాసేటప్పుడు పక్కన కాలు అని రాయి. కింద కూర్చుని చూస్తే నీ మోకాళ్లు నొప్పి పెడతాయి. అంతే."

లేవడానికి చెయ్యి అందించమన్నాడు. లేపుతూ పరిమళ చెప్పేసింది. "ఆమె పోతుంటే నాకు హాయిగా అనిపించింది బాబా."

ఆయన తర్వాతి మనిషిని పిలిచాడు.

రిజిస్టరులో జమ్లి అవ్వ పేరు కింద మనవరాలి నంబరుంది. మూడు రోజులైంది. అవతల ఏం వినాల్సి వస్తుందో తెలియదు. రమ్మనకూడదు, తానే వస్తున్నానని చెప్పాలి. పరిమళ మిషన్ సంచిలో పెట్టుకుని, ఫోన్ కోసం చెయ్యి చాపింది.