సోమయాజి సిగ్గుపడ్డ పాట

అనగా అనగా ఒక కోట ఉన్న ఊళ్ళో, రాజుగారి కొలువులో నృసింహ సోమయాజి అని ఒక పండితుడుండేవాడర్రా. ఊ కొట్టండి మరి! ఆయనకెంత మడి అంటే, ఎవరైనా తురకమాట ఒకటి అంటే, అన్నవాళ్ళు కాదు, విన్న ఈయన పుక్కిలించేవాడు!

ఒకసారి రాజుగారు, విన్నవాళ్ళకి కన్నీళ్ళొచ్చే భక్తి పాట కట్టినవారికి శాలువా కప్పుతానన్నారు. సోమయాజి బారెడు బారెడు సమాసాలతో కట్టాడు. విన్నవాళ్ళకి ఆవలింతలొచ్చాయి గానీ కన్నీళ్ళు రాలేదు.

ఓ పొద్దున కోడలు పేరిందేవి తిరగలి తిప్పుతూ పాడుతోంది.

"పిండి నాది కాదు, తిరగలి నాది కాదు,
తిప్పే చెయ్యి నాది కాదు, మాలికంతా నీదే..."

గోడవతల వింటున్న సోమయాజికి కళ్ళు చెమర్చాయి. ఎవరి పాటమ్మా అని అడగాలా వద్దా? అడగలేదు. గబగబా తాటాకు మీద గీకేసుకున్నాడు, సభకెళ్ళి తనదేనని పాడేశాడు.

రాజుగారు కళ్ళు తుడుచుకున్నారు. తేరుకుని, పిండి పాటలోకి మాలిక ఎలా వచ్చిందని అడిగారు. స్వామి మెడలో తులసిమాలిక ప్రభూ, అదంతా నీదేనని భావం, అని బుకాయించాడీయన.

అక్కడే వసారాలో దూదేకుల హుసేనమ్మ రాణిగారి పరుపుకి దూది ఏకుతోంది. టంగు టంగుమనే విల్లు ఠక్కున ఆగింది. ఏమ్మా, ఈ పాట నీకు తెలుసా అన్నారు రాజుగారు. ఆవిడ సోమయాజి మొహంకేసి చూసింది. పాలిపోయి ఉంది పాపం.

"సోమయాజులుగారి పాట బాగుంది దొరా," అని మళ్ళీ విల్లందుకుంది.

శాలువాతో ఇంటికొస్తే కోడలు బిత్తరపోయింది. "మామగారండీ, అది హుసేనమ్మ పాట. మన పెరట్లో దూది ఏకుతూ నేర్పింది. వాళ్ళమ్మకి ఎవరో ఫకీరు చెప్పాట్ట. అది మాలిక కాదండీ, మాలిక్. యజమాని అని. దేవుణ్ణే అలా పిలుస్తారు వాళ్ళు. మాలిక్, అంతా నీదే, అని!"

అంతే, సోమయాజికి ముద్ద దిగలేదు. దొంగిలించాడు, తప్పు అర్థం చెప్పాడు. తను అరుగెక్కనివ్వకుండా ఏళ్ళ తరబడి ఎండలో నిలబెట్టిన హుసేనమ్మే నిండు సభలో తన పరువు కాపాడింది. అదే కాల్చేసిందర్రా ఆయన్ని. శాలువా మడతపెట్టి మూల పడేసి మోకాళ్ళలో మొహం దాచుకున్నాడు.

ఊ కొడుతున్నారా? మర్నాడు సభలో అందరి ముందూ, నేను దొంగని ప్రభూ అని ఒప్పేసుకున్నాడు. శాలువా తీసుకెళ్ళి హుసేనమ్మ ముందుంచి తలెత్తలేకపోయాడు.

మరి నిన్ననే ఎందుకు చెప్పలేదమ్మా అన్నారు రాజుగారు.

"నాది కాదు, నాది కాదు అని పాడే పాటని నాదెట్టా అనను దొరా?"

సభ సభంతా తలదించుకుంది.

ఆ తర్వాత సోమయాజి హుసేనమ్మ గుమ్మంలోనే కూర్చుని ఆ పాట నేర్చుకున్నాడు. ఎంత తంటాలుపడ్డా నోటికి మాలిక్ అని రాదే! మాలికు, మాలికు అనేవాడు.

"అట్టాగే అనండి సామీ, తెలుగు నోటికి అదే అందం," అని ఆవిడ నవ్వితే, ఆయనా ఇన్నాళ్ళకి నవ్వాడు.

సిగ్గుపడటం తప్పు కాదర్రా. సిగ్గుపడ్డాక కూడా ఆ శాలువా కప్పుకు తిరిగితేనే తప్పు. ఇక కథ కంచి దారి పట్టింది, మీరు నిద్ర దారి పట్టండి.