తెడ్డుకో చింతపిక్క

అనగనగా ఒక ఏరు. ఏటికి రెండు ఒడ్లు, ఒడ్డున ఒక రేవు, రేవులో రెండు పడవలు. పిల్లలు ఊఁ కొట్టండి. పెద్దవాళ్ళు కూడా చెవులు ఇటు పెట్టండి, ఎందుకంటే ఈ కథలో తప్పు చేసింది పిల్లలు కాదు.

మొదటి పడవ కామిశెట్టిది. అది నిదానంగా పోయేది. కానీ అంచుదాకా పోసిన పాలకుండ కూడా అందులో తొణికేది కాదు. పాలమ్మేవాళ్ళు, కుమ్మరులు, గాజుల మలారం మోసేవాళ్ళు, పురిటికి పుట్టింటికి వెళ్ళే ఆడపిల్లలు, అందరూ ఆ పడవ కోసమే కాచుకుని కూర్చునేవాళ్ళు.

రెండో పడవ రేవణ్ణది. తేలిక పడవ. చిటికెలో దాటించేది, దిగేసరికి పంచెలు తడిపేది. తొందరున్నవాళ్ళు అదెక్కేవాళ్ళు. ఎవరి బేరం వారిది. ఏళ్ళ తరబడి రేవు అలాగే సాగింది.

కామిశెట్టి పడవకు అంత కుదురు ఎక్కడిది? మంచి చెక్క వేయించాను కదా, అందుకే అనుకునేవాడు శెట్టి. కాదు నాయనా. ఆ కుదురు పోలమ్మది.

పోలమ్మ తెడ్డు పట్టేది కాదు. తెడ్డు పట్టేవాళ్ళను చూసుకునేది. ఎవరిని పనిలో పెట్టాలి, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలి, ఎవరికి ఒంట్లో బాగాలేదు, అంతా ఆమే. ఎవడైనా పనికోసం వస్తే వాడి కండలు చూసేది కాదు. రేవులో అటుకులు అమ్మే ముసలి నాగమ్మను చూపించి, "ఆవిడను ఇంటిదాకా దింపి రా" అనేది. ముసలమ్మను వెనకొదిలి ముందుకు ఉరికినవాడికి చల్లటి మజ్జిగ పోసి పంపేసేది. ఆమె అడుగు చూసి తన అడుగు తగ్గించుకున్నవాణ్ణి ఉంచుకునేది.

"నడక సరిపెట్టుకున్నవాడే తెడ్డు సరిపెట్టుకుంటాడు" అనేది పోలమ్మ.

ఉంచుకున్నవాణ్ణి ఊరికే వదిలేదా? లేదు. ఆ పడవకు ఆరు తెడ్లు. ఒక్కో తెడ్డు దగ్గర ఒక పాత చేయి, ఒక కొత్త చేయి. ముసలాయన చేయి మీద చేయి వేసి పడుచువాడు నేర్చుకునేవాడు. నీరు ఎప్పుడు లాగాలో, ఎప్పుడు లాగకూడదో. కూలిగా వారంవారం కొలిచే ధాన్యం అందరికీ సమానం. ఇక చేరిన రోజున పోలమ్మ ఒక మాట ఇచ్చేది. "ఓపికున్నన్నాళ్ళూ ఈ తెడ్డు నీదే. శెట్టిగారి పేరున ఇస్తున్న మాట ఇది."

ఆ మాట నమ్మి వాళ్ళు పిల్లల పెళ్ళిళ్ళు కుదుర్చుకున్నారు, ఇళ్ళ కప్పులు వేయించుకున్నారు.

ఒక తిరునాళ్ళ రోజు శెట్టి ఒడ్డున నిలబడి చూశాడు. తన పడవ రెండుసార్లు వెళ్ళివచ్చేలోగా రేవణ్ణ పడవ మూడుసార్లు వెళ్ళివచ్చింది. అంతే. అసూయ పట్టుకుంది. తన పడవ నిండా పాలకుండలు, గాజుల మలారాలు ఉన్నాయి. అవేవీ ఆయన కళ్ళకు ఆనలేదు. పొరుగింటి పుల్లకూర రుచి కదా.

అదే సమయానికి పట్నంనుంచి బావమరిది చెంచయ్య దిగాడు. జన్మలో తెడ్డు పట్టినవాడు కాడు. నీళ్ళంటే చెంబులో చూసినవే. అయితేనేం, బావమరిది. పడవను ఒకసారి చుట్టి చూసి, పెదవి విరిచి, మొదటి మాట చెప్పాడు.

"ఒక తెడ్డుకు ఇద్దరేమిటి బావా? ఒక గరిటె ఇద్దరు తిప్పుతారా? ఆ ముసలాళ్ళను దింపేయ్, బరువు తగ్గుతుంది."

శెట్టి తల ఊపాడు. పోలమ్మ పరుగున వచ్చింది.

"అయ్యా, వాళ్ళు బరువు కాదు. ఈ పడవకున్న చదువు వాళ్ళు" అంది.

"నువ్వు ఆడదానివి, నీకీ లెక్కలు తెలియవు" అన్నాడు చెంచయ్య.

ఆరుగురు ముసలాళ్ళు దిగిపోయారు. చిన్నప్పటినుంచీ ఎక్కిన పడవను ఒడ్డున నిలబడి చూస్తూ ఉండిపోయారు. ఒక్కరంటే ఒక్కరు వాళ్ళకు దణ్ణం పెట్టి సాగనంపలేదు. చెబుతుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. ఆ వారమే పాలకుండ మొదటిసారి తొణికింది.

పడవ వేగం మాత్రం పెరగలేదు. చెంచయ్య రెండో మాట చెప్పాడు.

"వీళ్ళు ఒళ్ళు దాచుకుంటున్నారు బావా. తెడ్డుకో చింతపిక్క పెడదాం. తెడ్డు నీళ్ళలో పడ్డప్పుడల్లా ఒక పిక్క. ఎక్కువ పిక్కలవాడికి ఎక్కువ ధాన్యం, తక్కువవాడికి తక్కువ."

బాగుంది, మరి పిక్కలు ఎవరు వెయ్యాలి? ఒక్కడు ఆరు తెడ్లు చూడలేడు. అందుకని తెడ్డుకొక లెక్కగాణ్ణి పెట్టాడు. ఆరుగురూ పట్నంవాళ్ళే, ఆరుగురూ చెంచయ్య చుట్టాలే. పిల్లలూ, విన్నారా? పని నేర్పే ఆరుగురు బరువని దింపేసి, పని చెయ్యని ఆరుగురిని ఎక్కించారు. వాళ్ళకు ఎండ తగలకుండా తాటాకు గొడుగులు కూడా.

పోలమ్మ మళ్ళీ వెళ్ళింది. "శెట్టిగారూ, మన పడవ ఎక్కేవాళ్ళు వేగం కోసం ఎక్కరు, కుదురు కోసం ఎక్కుతారు. మనం అమ్మేది కుదురు. కొలిచేదేమో తెడ్ల చప్పుడు. ఇదెక్కడి కొలత?"

"అందరూ కష్టపడితే నీకేం నొప్పి?" అన్నాడు శెట్టి.

పడవ నడిపేవాళ్ళు వెర్రివాళ్ళా? పిక్కకు ధాన్యం అన్నాక పిక్కలే పండించారు. లోతుగా ఒక్కసారి లాగడం మానేసి, పైపైన పదిసార్లు నీళ్ళు చరచడం మొదలుపెట్టారు. చప్పుడు ఎక్కువ, సాగడం తక్కువ. ఒకడి తెడ్డు ఇంకొకడి తెడ్డుకు తగిలితే, "నా పిక్క పోయింది, నీ మూలానే" అని తగువు. నిన్నటిదాకా ఒక ముంతలో గంజి పంచుకుని తాగినవాళ్ళు ముఖాలు తిప్పుకుని కూర్చున్నారు. పాలవాళ్ళు పైన ఎక్కడో మోకాటిలోతు దారి వెతుక్కుని చుట్టు తిరిగి పోవడం మొదలుపెట్టారు.

అప్పటికైనా తెలివి రావాలి కదా. వచ్చింది, చెంచయ్యకు మూడో తెలివి. "ప్రతి పున్నమికీ ఎవడి పిక్కలు తక్కువో వాణ్ణి తీసెయ్యి బావా. మిగతావాళ్ళు భయంతో దారికొస్తారు."

పున్నమి వచ్చింది. అందరికంటే తక్కువ పిక్కలు ఈరన్నవి.

ఈరన్న ఎవరనుకున్నారు? వెనక తెడ్డు వాడు. పదిహేనేళ్ళుగా ఆ పడవను సుడిలోంచి దాటిస్తున్నవాడు. నడిమి ఏటిలో ఒక సుడి ఉంది. అక్కడికి రాగానే ఈరన్న తెడ్డును నీళ్ళలో నిలువుగా దించి, కదల్చకుండా, ఊపిరి బిగపట్టి ఆపేవాడు. ఆ ఆపడంలోనే పడవ కుదురుకునేది. పదిమంది లాగినా రాని పని అది. కానీ కదలని తెడ్డుకు పిక్క ఎవరేస్తారు?

పోలమ్మ ఊరుకోలేదు. తిన్నగా శెట్టి అరుగు దగ్గరికి వెళ్ళి నిలబడింది. చెంచయ్య అక్కడే తాంబూలం వేసుకుంటున్నాడు.

"ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అంటారు. మీరు నడిమి ఏటిలోనే బోడి మల్లయ్య అంటున్నారు శెట్టిగారూ" అంది. "ఈరన్నకు నేను మాటిచ్చాను. నా పేరున కాదు, మీ పేరున. ఆ మాట పెట్టుకుని వాడు కూతురి పెళ్ళి కుదుర్చుకున్నాడు. ఇప్పుడు వాడి ముఖం నేనెలా చూడను?"

"మాటలతో పడవ నడవదు పోలమ్మా" అన్నాడు శెట్టి.

"మాట తప్పితే అసలే నడవదు. వస్తానండీ" అంది పోలమ్మ. ఇరవై ఏళ్ళు చేసిన పని అక్కడే వదిలేసి దిగివచ్చింది.

రేవులో ఈరన్న తన తువ్వాలు దులిపి భుజాన వేసుకుంటున్నాడు. పోలమ్మను చూసి, "నువ్వేం చేస్తావక్కా, నీ మాట నాకు తెలియదా" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆమెకు ఏడుపు ఆగలేదు. వాడు తిట్టినా బాగుండేది.

నాలుగు రోజులు గడిచాయి. రేవణ్ణ ఆమె గుమ్మంలోకి వచ్చాడు.

"పోలమ్మక్కా, నా పడవకు వేగం ఉంది, కుదురు లేదు. ఆడపిల్లలు నా పడవ ఎక్కడానికి భయపడతారు. నాకది సిగ్గుగా ఉంది. నేర్పుతావా?"

"కామిశెట్టి ఉప్పు తిన్నాను నాయనా."

"ఆ ఉప్పు తిన్నవాళ్ళు ఏడుగురు ఒడ్డున పస్తులున్నారు కదక్కా."

పోలమ్మ, "ఆ ఏడుగురూ నాతో వస్తారు. నేనిచ్చే మాట నీ మాట కావాలి. ఎన్ని కష్టాలొచ్చినా తప్పకూడదు. సరేనా?" అంది. రేవణ్ణ తల మీద చెయ్యి పెట్టుకుని ఒట్టు వేశాడు. మర్నాటినుంచి ఆ తేలిక పడవలో ప్రతి పడుచువాడి పక్కనా ఒక ముసలాయన కూర్చున్నాడు. వెనక తెడ్డు ఈరన్న పట్టాడు. ఆర్నెల్లు వాళ్ళు నేర్చుకుంటూనే ఉన్నారు.

ఆషాఢం వచ్చింది. ఏటికి ఎర్రనీళ్ళు వచ్చాయి. అప్పుడు రాజుగారి మంత్రి రేవుకు వచ్చి చాటింపు వేయించాడు. రాజుగారి కూతురు నిండు చూలాలు, పురిటికి పుట్టింటికి ఏరు దాటాలి. రెండు పడవల్లోనూ అంచుదాకా పాలు పోసిన కుండ పెడతారు. పాలు తొణకకుండా దాటించిన పడవలోనే ఆ తల్లి వస్తుంది. పన్నెండేళ్ళపాటు రేవు కూడా ఆ పడవదే. రెండో పడవ రేవు వదిలి పోవాలి.

కామిశెట్టి పొంగిపోయాడు. "పాలకుండా? అది మన పేరే కదరా" అన్నాడు. ఆ పేరు ఎవరివల్ల వచ్చిందో మాత్రం మరిచిపోయాడు.

పందెం రోజున ఊరంతా గట్టు మీదే. శెట్టి పడవ ముందు కదిలింది. చెంచయ్య పాలకుండ పక్కనే కూర్చుని, "ఊఁ, పిక్కలు, పిక్కలు" అని అదిలిస్తున్నాడు. ఆరు తెడ్లూ టపటపా నీళ్ళు చరుస్తున్నాయి, ఏ తెడ్డుకు ఆ తెడ్డే. సుడి దగ్గరికి వచ్చారు. అక్కడ తెడ్డు ఆపాలి. ఈరన్న చోట వెనక తెడ్డు పట్టిన పడుచువాడికి ఆ సంగతి ఎవరూ నేర్పలేదు. ఒకవేళ తెలిసినా, ఆపితే పిక్క పోతుందన్న భయం. వాడు ఇంకా గట్టిగా చరిచాడు.

పడవ తిరగలిరాయిలా గిర్రున తిరిగింది. లెక్కగాళ్ళు గొడుగులు వదిలేసి ఒకరినొకరు పట్టుకున్నారు. కుండ ఒరిగింది. పాలన్నీ చెంచయ్య నెత్తిన పడ్డాయి. పిక్కల బుట్టలు ఏట్లో పడ్డాయి. ఏడుపూ నవ్వూ కలిసి గట్టు మీద గోల లేచింది.

అప్పుడు రేవణ్ణ పడవ వచ్చింది. చప్పుడు లేదు. పన్నెండు చేతులు ఒక్కసారి వంగాయి, ఒక్కసారి లేచాయి. సుడి దగ్గర ముసలాయనలు "ఆగు" అన్నారు, పడుచువాళ్ళు ఆగారు. ఈరన్న తెడ్డు దించి నిలిపాడు. పడవ ఒక్క క్షణం ఊగి, సర్దుకుని, అవతలి ఒడ్డు చేరింది. ఆ పడవలోనే వచ్చిన మంత్రి వంగి చూశాడు. పాల మీద మీగడ కూడా చెదరలేదు. అంతటితో ఆగలేదు రేవణ్ణ. తిరుగుదారిలో తాడు వేసి, సుడి దగ్గరే చిక్కుకున్న శెట్టి పడవను కూడా ఒడ్డుకు లాక్కొచ్చాడు.

మంత్రి శెట్టిని పిలిచాడు. "పడవ పాతదే, తెడ్లు పాతవే, ఏరు పాతదే. ఏం పోగొట్టుకున్నావు శెట్టీ?"

శెట్టి గట్టు వైపు చూశాడు. అక్కడ పోలమ్మ, ఏడ్చే ఆరుగురు పడుచువాళ్ళను దగ్గరికి తీసుకుంటోంది. "మీ తప్పు కాదురా. నేర్పనివాళ్ళది తప్పు. రేపు పొద్దున్నే రండి, ఒక్కొక్కరికి ఒక్కో తాతను చూపిస్తాను" అంటోంది. ఆ మాట శెట్టికి వినపడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం?

చూలాలు రేవణ్ణ పడవలో చల్లగా పుట్టిల్లు చేరింది. పండంటి ఆడపిల్లను కన్నది. రేవు పోయాక కామిశెట్టి తన పడవను ఒడ్డున బోర్లించుకున్నాడు. ఇంటి మూలల్లో ఏ బుట్ట తీసినా చింతపిక్కలే.

కొన్నాళ్ళకు ఆయన తల వంచుకుని పోలమ్మ దగ్గరికి వచ్చాడు.

"నాకేమీ వద్దు పోలమ్మా. మా చెంచయ్యకు పట్నంలో ముఖం చెల్లడం లేదు. నీ దగ్గర ఏదైనా పని ఇప్పించు."

పోలమ్మకు పాత కోపం ఇంకా పోలేదు. అయినా మింగేసింది. అందరికీ ఒకే కొలత ఉండాలి కదా. ముసలి నాగమ్మను చూపించి, "చెంచయ్యగారూ, ఆవిడను ఇంటిదాకా దింపి రండి" అంది.

చెంచయ్య బయల్దేరాడు. నాలుగు అడుగులు వేశాడో లేదో, ముసలమ్మ అల్లంత వెనక ఉండిపోయింది. ఆయన ఆగలేదు, వెనక్కి తిరిగి కూడా చూడలేదు. ఎన్ని అడుగులు వేస్తున్నాడో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ చరచరా పోతూనే ఉన్నాడు.

పోలమ్మ లోపలికి వెళ్ళి, ఒక ముంత చల్లటి మజ్జిగ కలిపి ఉంచింది.

నీతి: నీ పడవకు ఏ గుణం పేరు తెచ్చిందో, ఆ గుణమున్న మనుషుల్ని ఎంచుకో, వాళ్ళకు నేర్పు, ఇచ్చిన మాట నిలుపుకో, తెడ్లు లెక్కపెడుతూ మనుషుల్ని దింపేసేవాడికి పడవ ఉన్నా రేవు మిగలదు.