నాయుడు గారి మైకు

తవిటినాయుడు నోరు విప్పితే మూడు జిల్లాల్లో గేదెలు పూటకి అరలీటరు పాలు ఎక్కువిచ్చేవి. ఇది ఎవరో పొగడ్తకి అన్న మాట కాదు, ప్రతి సభలోనూ ఆయనే స్వయంగా చెప్పేవాడు. గేదెల్ని మాత్రం ఎవరూ అడగలేదు.

పదిహేడేళ్ళు రేడియోలో "పొద్దుటి పొలం" అని రైతుల కార్యక్రమం చేశాడు. ఆ గొంతుతోనే ఓట్లడిగి ఎమ్మెల్యే అయ్యాడు. ముఖం చూసి వేసుంటే డిపాజిట్ కూడా దక్కేది కాదని వాళ్ళావిడే అంటుంది.

ఆ సాయంత్రం ఆయన కోపంగా ఉన్నాడు. ఎంత కోపమంటే, ఒక చెప్పు గుమ్మం బయట, ఇంకో చెప్పు గుమ్మం లోపల వదిలేసి హైమావతి గారి హాల్లోకి వచ్చిపడ్డాడు.

"నా మైకు కోసేశారు గురువుగారూ! నా మైకు!"

హైమావతి గారు పేపర్లోంచి తలెత్తలేదు. రేడియోలో ఆయనకి మాట్లాడటం నేర్పింది ఆవిడే. రిటైరైన రోజున స్టేషన్ వాళ్ళు పాత స్టూడియో గడియారాన్ని కానుకగా ఇస్తే, సోఫాకి ఎదురుగా తగిలించుకుంది. గుండ్రటి తెల్లటి గడియారం, ఎర్రటి సెకన్ల ముల్లు.

"కూర్చో నాయుడూ. కాఫీ తాగుతావా?"

"కాఫీయా! కాలవ చివర నీళ్ళు రాక గెడ్డవలసలో నాట్లు ఎండిపోతున్నాయి. మా నాయుడు అసెంబ్లీలో అడుగుతాడని మొన్న ఊరంతా టీవీల ముందు కూర్చుంది. ఐదు నిమిషాలిచ్చారు. రెండు కూడా కాలేదు. ఊరి పేరు నోటిదాకా వచ్చింది, చూడండి, సరిగ్గా అప్పుడు కోశారు! నిజం బయటికొస్తుందని భయం!"

"ఎన్నింటికి ఆగింది?"

"పదకొండింటికి. ఎదురుగా గోడ గడియారం చూస్తూనే ఉన్నా."

"ఊఁ" అంది ఆవిడ. పేపరు మడిచింది. "తర్వాత?"

"తర్వాతేముంది, పార్టీ మొత్తం వాకౌట్! ధర్నాలు! మైకులు చూసే ఆపరేటర్ ఒకడున్నాడు, ఎలీషా అట. సస్పెండ్ చేయించాను. ఎల్లుండి కమిటీ ముందు విచారణ. ఉద్యోగం ఊడగొట్టించకపోతే నా పేరు తవిటినాయుడు కాదు."

జేబులోంచి టైపు చేసిన కాగితం తీసి ఆవిడ ముందు పెట్టాడు.

"మీరిక్కడ సంతకం పెట్టాలి. ముప్పైయేళ్ళు మైకు ముందు కూర్చున్న మనిషి 'ఇది కావాలని ఆపిందే' అంటే కమిటీ కాదనలేదు."

ఆవిడ కాగితం రెండుసార్లు చదివింది.

"ఈ ఎలీషా ఏమంటున్నాడు?"

"తను ముట్టుకోలేదట, సభ్యుల బల్లల మీద కూడా మైకు మీట ఉంటుందిగా అంటున్నాడు. ఏ దొంగ ఒప్పుకుంటాడు?"

"టీవీలో వచ్చిందిగా. చూసుకున్నావా?"

"ఆ రోజు సాయంత్రం చూశాను."

"మళ్ళీ?"

నాయుడు గొంతు సవరించుకుని, కాఫీ ఇస్తానన్నారుగా అని అడిగాడు.

ఆవిడ లేవలేదు. ఆయన కుడి చేతి వేళ్ళ కణుపుల వైపు చూస్తూ కూర్చుంది. ఆ కణుపులకీ ఆవిడకీ పాత పరిచయం.

స్టూడియోలో అనౌన్సర్ ముందు ఫేడర్ అని ఒక మీట ఉంటుంది. అది మైకుకి తలుపులాంటిది, మూస్తే గొంతు బయటికి పోదు. ఏడు గంటలకి వార్తలంటే, ఎర్రముల్లు పన్నెండు మీదికి రాగానే మాట ఆపి ఆ తలుపు మూసెయ్యాలి. కొత్తలో నాయుడు ఒకరోజు మరిచిపోయాడు. వార్తల్లో ముఖ్యాంశాలు వస్తుంటే వాటి మధ్య నుంచి, "ఒరే, ఇడ్లీలోకి చట్నీ ఏదిరా?" అన్న కేక మూడు జిల్లాలకీ వినిపించింది. ఆ మర్నాటి నుంచి ఆరు నెలలు హైమావతి గారు చెక్క స్కేలు పట్టుకుని వెనకాల నిలబడింది. ముల్లు పన్నెండు దాటాక కూడా చెయ్యి కదలకపోతే కణుపు మీద ఒకటి. ఆ తర్వాత ఆయన చెయ్యి ఏనాడూ ఆలస్యం కాలేదు. నిద్రలో కూడా నా చెయ్యి మూసేస్తుందని దాని గురించి కూడా గొప్పలు పోయేవాడు.

ఆవిడ కళ్ళద్దాల పెట్టె తెరిచి, ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"ఇదే నీ మైకు. ఆ రోజు మాట్లాడిందంతా మళ్ళీ మాట్లాడు, ఒక్క మాట వదలకుండా. ఎక్కడ కోశారో నేనూ చూస్తాను. అప్పుడు పెడతాను సంతకం."

గడియారం ఐదుకి రెండు నిమిషాలు తక్కువ చూపిస్తోంది.

నాయుడు లేచి నిలబడ్డాడు. కోపం ఉండనే ఉంది, గొంతు ఎప్పుడూ ఉంటుంది. "అధ్యక్షా!" అన్నాడు. షోకేసులో గ్లాసులు గల్లుమన్నాయి. నాగలి పట్టిన చేతులకి నమస్కారాలన్నాడు. పదిహేడేళ్ళు ఆ చేతుల కష్టాన్ని గాలిలో మోసిన గొంతు తనదన్నాడు. అధికారుల్ని తిట్టాడు, మంత్రిని ఇంకా తిట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి. వీధిలో కొబ్బరిబొండాలవాడు బండి ఆపి, కిటికీలోంచి లోపలికి చూశాడు.

"ఈ రోజు ఈ సభ సాక్షిగా అడుగుతున్నాను! కాలవ చివరన ఉన్నాడనా రైతంటే అలుసు? ఏం పాపం చేసింది, అధ్యక్షా, మా గెడ్డ..."

టప్.

కళ్ళద్దాల పెట్టె మూసుకుంది. మూత మీద నాయుడి కుడి చెయ్యి ఉంది. నోరు ఇంకా తెరిచే ఉంది. గడియారంలో ఎర్రముల్లు పన్నెండు దాటి ముందుకి పోతోంది.

"ఇప్పుడెవరు కోశారు, ఎమ్మెల్యే గారూ?"

ఆవిడ ఆయన్ని అలా పిలవడం అదే మొదలు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది నాయుడికి.

"నేను కొట్టింది నీ వేళ్ళ మీద" అంది. "నువ్వు ఒకడి పొట్ట మీద కొడుతున్నావు. తెలియక చేశావా, తెలిసి చేశావా?"

నాయుడు చెయ్యి తీసి వెనక్కి పెట్టుకున్నాడు.

ఆవిడ సంతకం లేని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆయన జేబులో దోపింది.

"టైము తక్కువ ఉంటే ముఖ్యమైన సంగతి ఎక్కడ చెప్పాలని నేర్పాను?"

"మొదటి వాక్యంలో."

"వెళ్ళు."

గుమ్మం దగ్గర ఆయనకి ఒక చెప్పే కనిపించింది. రెండోది లోపల ఉండిపోయిందని తెలిసినా, వెనక్కి వచ్చి తీసుకోవడానికి కాసేపు పట్టింది.

మర్నాడు సభలో రెండు నిమిషాలిచ్చారు. ఇవాళ కూడా అరుస్తాడని అవతలి పక్షం వాళ్ళు చెవులు మూసుకుని వెక్కిరించారు. ఇవతలి వాళ్ళు బల్లలు చరచడానికి అరచేతులు లేపి ఉంచారు. గెడ్డవలసలో టీవీలు మోగుతూనే ఉండి ఉంటాయి.

నాయుడు లేచాడు. కుడి చెయ్యి లాల్చీ జేబులో గట్టిగా దాచుకున్నాడు. నమస్కారాలు చెప్పలేదు, నాగలి ఊసెత్తలేదు.

"అధ్యక్షా, ఎలీషా తప్పేమీ లేదు, ఆ రోజు నా మైకు ఆపింది నా చెయ్యే."

సభ గొల్లున నవ్వింది. అధ్యక్షుడు కూడా నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. సొంత పార్టీ వాళ్ళు లేపిన అరచేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చూసుకుంటున్నారు. నాయుడు ఆ నవ్వంతా అయిపోయేదాకా నిలబడ్డాడు. చెయ్యి జేబులోంచి తియ్యలేదు.

"ఆ సంగతి నాకు ఆ రోజు సాయంత్రం టీవీలో చూసుకున్నప్పుడే తెలుసు."