తునికి అడిగిన తేనె

అనగనగా ఇప్పచెట్లు దట్టంగా పెరిగిన ఒక అడవి. అక్కడ ఒక గుహలో మూడు ఎలుగుబంట్లు ఉండేవి. బొద్దయ్య తాత, ఆయన కోడలు ఈతమ్మ, ఈతమ్మ కూతురు తునికి.

బొద్దయ్యకు చక్కెర జబ్బు వచ్చింది. ఇప్పపూలూ తేనే కడుపు పగిలేలా తిని, తిన్నచోటే పడుకునేవాడు మరి. ఏదుపంది వైద్యురాలు సూదవ్వ వచ్చి చూసింది.

"తేనె మానెయ్. దుంపలు తగ్గించు. కొండ చుట్టూ నడువు" అంది.

తాత విన్నాడు. పొట్ట తగ్గింది, నీరసం పోయింది. పేరు మాత్రం బొద్దయ్యగానే మిగిలింది.

ఆ ఎలుగుల్లో ఒక ఆచారం ఉండేది. పెద్దలు పత్యం పడితే ఇంటిల్లిపాదీ అదే పత్యం. అలా ఆ గుహలోకి తేనెపట్టు రావడం ఆగిపోయింది.

కొన్నాళ్లకు తునికి చిక్కిపోసాగింది. ఎన్ని నీళ్లు తాగినా దాహమే. సూదవ్వ వచ్చి తాత ముందే పిల్లను చూసి తల దించుకుంది.

"దీనికీ చక్కెర జబ్బే."

"ఇంత పిల్లకా? తేనె మొహం చూసి ఎన్నాళ్లయిందో!" అంది ఈతమ్మ.

"తిన్నందుకు రాలేదమ్మా. చక్కెరను కరిగించే రసం మీ మావయ్య ఒంట్లో ఉంది, సరిగా పని చెయ్యదు. ఈ పిల్ల ఒంట్లో అది ఊరనే ఊరదు. ఎందుకో నాకూ తెలీదు. రోజూ నా ముల్లుతో ఆ రసం ఎక్కించాలి. ఎక్కించాక వేళకు తిండి పెట్టాలి. ఒళ్లు వణికి చెమటలు పడితే వెంటనే తేనె నాకించాలి."

చూడండర్రా, ఎంత వింతో! జబ్బు పేరు ఒకటే. ఒకరికి వద్దన్నదే ఇంకొకరికి మందు.

ఈతమ్మ దొప్పలో కాస్త తేనె తెచ్చి రాతి సందులో దాచింది. బొద్దయ్య అది చూశాడు.

"నా ఇంట్లో విషమా?" అని చీమలకు పారబోశాడు.

మర్నాడు సూదవ్వ వచ్చి రసం ఎక్కించి వెళ్లింది. ఈతమ్మ తిండి తేవడానికి బయటికెళ్లింది. బొద్దయ్య మనవరాలి చెయ్యి పట్టుకున్నాడు.

"పద తల్లీ, కొండ చుట్టూ నడుద్దాం. నాకు తగ్గలేదూ? నీకూ తగ్గుతుంది."

కొంత దూరం నడిచారు.

"తాతా, ఆకలేస్తోంది."

"ఓర్చుకో. నాకూ మొదట్లో అలాగే వేసింది."

ఇంకొంత నడిచారు.

"తాతా, చేతులు వణుకుతున్నాయి."

"తీపి మానేస్తే నావీ వణికాయి. ఓర్చుకో."

ఒక మద్దిచెట్టు కింద తునికి ఆగిపోయింది. పైన తేనెపట్టు వేలాడుతోంది. పిల్ల ఒళ్లంతా చెమటలు.

"తాతా, చెట్లు రెండేసి కనిపిస్తున్నాయి. ఒక్క చుక్క తేనె పెట్టవూ?"

"అదిగో, బయటపడింది నీ యావ!" అని నవ్వాడు బొద్దయ్య. "నాలుగడుగులు వెయ్, అదే పోతుంది."

తునికి తాత మాట విని ఒక అడుగు వేసింది. రెండో అడుగు వెయ్యలేక పడిపోయింది.

అప్పుడు తాతకు సూదవ్వ మాట గుర్తొచ్చింది. గబగబా చెట్టెక్కాడు. తేనెటీగలు కళ్లమీద కుట్టినా పట్టు పీకి తెచ్చాడు. పిల్ల నోట్లో పిండాడు. మింగడం లేదు. తేనె పెదవుల పక్కనుంచి కారిపోయింది.

ఈతమ్మ వెతుక్కుంటూ వచ్చేసరికి పిల్ల ఊపిరి ఆగిపోయింది. ఆయన ఆ తేనెను తుడుస్తూ ఉన్నాడు.

"మావయ్యా, ముందే ఎందుకు పెట్టలేదు?" అంది.

"నాకు మేలు చేసిందే కదమ్మా చేశాను" అన్నాడు. ఆమె మళ్లీ ఆయనతో మాట్లాడలేదు.

తాత పత్యం తాతకు బాగానే పనిచేసింది. బొద్దయ్య చాలా ఏళ్లు బతికాడు. రోజూ ఒక్కడే కొండ చుట్టూ నడిచేవాడు. మద్దిచెట్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆగి, తునికి పడిన చోట కూర్చునేవాడు.

నీతి: జబ్బు పేరు ఒకటైనంత మాత్రాన పత్యం ఒకటి కాదు, మనకు నయం చేసినదాన్ని వైద్యుల మాట కాదని ఇంకొకరి మీద రుద్దకూడదు.