గ్రైండరు శ్రుతి

మార్తమ్మకు ఒక అలవాటు ఉండేది. రిపేరుకు వచ్చిన ఏ మిషనునైనా విప్పేముందు, "దీన్ని వాడేదెవరు?" అని అడిగేది. తెచ్చినవాడు మగవాడైతే, "మా ఆవిడండీ" అనేవాడు. "అయితే ఆవిడకి ఫోను కలపండి" అనేది. మిక్సీ కానీ, కుట్టు మిషను కానీ, వాడే మనిషితో నాలుగు మాటలు మాట్లాడాకే స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకునేది. తొందరలో ఉన్నవాళ్ళు విసుక్కునేవారు. విసుక్కున్నవాళ్ళకు ఆమె స్టూలు చూపించేది.

తెనాలి రైల్వే స్టేషను వెనక సందులో ఆమె దుకాణం. మోటార్లకు వైండింగు చుట్టడం అన్న దగ్గర నేర్చుకుని, అన్నకంటే బాగా చుట్టి, ఆ కారణంగానే అన్నతో మాటామాటా వచ్చి, విడిగా పెట్టుకున్న దుకాణం అది. రాగితీగ చుడుతూ లోకం మీద తన అభిప్రాయాలు చెప్పడం ఆమెకు ఇష్టం. "వాషింగ్ మెషీన్ వచ్చాక ఉతకడం తేలికైంది. తేలికైందని ఇంటిల్లిపాదీ రోజుకో జత ఎక్కువ విడుస్తున్నారు" అనేది. "ఏ మిషను అట్టపెట్టె మీద చూడు, ఆడమనిషి పళ్ళన్నీ కనపడేలా నవ్వుతుంటుంది. అది చెడి నా దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఏమవుతుందో!" అనేది. ఇంకో మాట కూడా అనేది, కాని దాన్ని మగ కస్టమర్లు లేనప్పుడే అనేది: "మిషను చప్పుడు చేస్తే మెకానిక్కుని పిలుస్తారు. ఆడది చప్పుడు చేస్తే పుట్టింటివాళ్ళని పిలుస్తారు."

ఆమె దగ్గర పని నేర్చుకుంటున్న పిల్ల పేరు జరీనా. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసింది. ఉద్యోగాలిచ్చేవాళ్ళు ప్రతిచోటా "ఆడపిల్లవి, నిచ్చెన ఎక్కగలవా?" అని అడిగితే, విసిగి ఇక్కడ చేరింది. చురుకైన పిల్ల. చేతిలో పని ఉంది, నోట్లో మాట కూడా ఉంది. ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది.

"మార్తమ్మగారూ, ఒక మాట అడుగుతాను, తిట్టకండి."

"తిట్టేదైతే తిడతాను. అడుగు."

"మిషను చెడితే మిషనే చెప్తుంది కదా. మీటరు పెడితే తెలుస్తుంది, చెవి పెడితే తెలుస్తుంది. మధ్యలో మనిషిని అడగడం దేనికండీ? డాక్టరు అడిగాడంటే అర్థముంది, రోగం మనిషిది. ఇక్కడ రోగం మోటారుది."

మార్తమ్మ చేతిలో తీగ ఆగలేదు. "చెవులు బాగా పనిచేస్తున్నాయన్నమాట నీకు. మంచిదే" అని ఊరుకుంది. అంతలో ఫోను మోగింది. గంగానమ్మపేటలో ఎవరిదో గ్రైండరు విపరీతంగా మోత పెడుతోందట. "నువ్వే వెళ్ళిరా. నీకు ఎలా తోస్తే అలా చెయ్యి" అని సంచీ చేతికిచ్చింది.

ఆ ఫ్లాటులో తలుపు తీసిన మనిషి పేరు రాజశేఖరం. మెడలో హెడ్‌ఫోన్లు, ఒంటిమీద ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. కరోనా రోజుల్లో ఇంటికొచ్చిన ఆఫీసు ఆయన విషయంలో మళ్ళీ వెనక్కి పోలేదు. మంచివాడే. అంటే తిట్టడు, కొట్టడు, తిన్న కంచం తియ్యడు. జరీనాను మర్యాదగా లోపలికి పిలిచి కష్టం చెప్పుకున్నాడు.

"నాకు మీటింగు మొదలయ్యే వేళకే ఈవిడ ఇది వేస్తుందమ్మా. అవతల బెంగుళూరువాళ్ళు, 'సార్, మీ ఇంట్లో ఎవరో కేకలు పెడుతున్నారు, అంతా క్షేమమేనా?' అని అడుగుతున్నారు. నా పరువు పోతోంది. పోనీ టేబుల్ మీద పెట్టుకునే కొత్తది కొందామంటే వినదు. ఈ రాతి రోలు గ్రైండరే కావాలట."

వంటింటి గుమ్మంలో ఆయన భార్య భ్రమరాంబ నిలబడి ఉంది. నలభై అయిదేళ్ళుంటాయేమో, సన్నగా ఉంది. "అంత చెడిపోయిందేమీ లేదమ్మా. తిరుగుతూనే ఉందిగా" అంది, మెల్లగా.

"నీకు తెలీదు, ఉండు" అన్నాడాయన. జరీనా కూడా అదే అనుకుంది. మొహమాటం మనిషి, పని పెట్టడం ఇష్టంలేక అంటోంది అనుకుంది. గ్రైండరు వేసి చెవి పెట్టి వింది. బేరింగు అరిగిపోయింది. ఒక పెద్ద మోత, దాని అడుగున ఎడతెగని గుయ్యిమనే నాదం. నీళ్ళకోసం ఫ్రిజ్ తీస్తే ప్రతి అరలోనూ పిండి గిన్నెలే. "మా ఇంట్లో దేనికి కరువైనా పిండికి కరువు లేదమ్మా. పక్క ఫ్లాట్లవాళ్ళు మమ్మల్ని చూస్తే దాక్కుంటున్నారు, మళ్ళీ పిండి ఇస్తామని" అని నవ్వాడు రాజశేఖరం. జరీనా కూడా నవ్వింది. ఇన్నిసార్లు రుబ్బితే బేరింగు అరగక ఏమవుతుంది అనుకుంది.

పాత బేరింగు ఊడదీసి సంచీలో పడేసి, కొత్తది బిగించింది. బెల్టు మార్చింది. కాళ్ళకింద రబ్బరు ముక్కలు పెట్టింది. స్విచ్చి వేస్తే రోలు తిరుగుతున్నట్టు కంటికి తెలియాలే తప్ప చెవికి తెలియలేదు. రాజశేఖరం గదిలోంచి వచ్చి, "అసలు వేశావా?" అన్నాడు. జరీనాకు అంతకంటే బిరుదు అక్కర్లేదు. భ్రమరాంబ మాత్రం ముందుకు వచ్చి తిరుగుతున్న డ్రమ్ము పక్కన అరచెయ్యి ఆనించింది, జ్వరం చూస్తున్నట్టు. తరవాత చెయ్యి తీసేసింది.

దుకాణానికి వచ్చి జరీనా అంతా చెప్పింది, బెంగుళూరువాళ్ళు విన్న కేకలతో సహా. మార్తమ్మ అంతా విని, "ఆవిడేమంది?" అని అడిగింది.

"ఏమనలేదండీ. చూస్తూ నిలబడింది."

"ఏమీ అనలేదా" అని మార్తమ్మ మళ్ళీ తీగ అందుకుంది.

ఆ వారం తిరగకముందే, ఒక మధ్యాహ్నం, భ్రమరాంబ చేతిసంచీతో దుకాణం మెట్టెక్కింది. జరీనా చప్పున లేచింది. "మళ్ళీ చప్పుడు వస్తోందా అండీ?"

"లేదమ్మా. అదే. రావడం లేదు." ఆమె వెనక్కి తిరిగి సందులోకి ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "నువ్వు తీసేసిన ఆ పాత ముక్క, అది ఇంకా ఉందా? పారేశావా?"

జరీనాకు అర్థం కాలేదు. మార్తమ్మ స్టూలు జరిపి, "కూర్చో అమ్మా. పారెయ్యలేదులే. ముందు సంగతి చెప్పు" అంది.

కూర్చున్నాక చెప్పింది. వాళ్ళ మేనత్త సౌభాగ్యం నాటకాల కంపెనీలో రాజు వేషాలు వేసేదట. మీసం అంటించుకుని, గద భుజాన వేసుకుని స్టేజీ ఎక్కితే, వెనక వరసలో నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి కూర్చునేవారట. తన పద్యాలన్నీ మేనకోడలికి నేర్పింది. నేర్పి పోయింది. అవి ఇంకెవరికీ రావు. "పద్యం గొణుక్కునేది కాదు కదండీ. గొంతు తెరవాలి. ఫ్లాటులో గొంతు తెరిస్తే పైవాళ్ళు, కిందివాళ్ళు, పక్కవాళ్ళు. మా గ్రైండరుకి ఆ మోత మొదలయ్యాక నా ప్రాణం లేచొచ్చింది. పప్పు వేసి స్విచ్చి నొక్కితే ఇక నేనెవరికీ వినపడను. పైగా దాని అడుగున ఒక గుయ్యిమనే నాదం ఉండేది. అచ్చం మా అత్త హార్మణీ శ్రుతి. అది పట్టుకునే ఎత్తుకునేదాన్ని. వారానికి రెండుసార్లు రుబ్బితే చాలు మా ఇంటికి. నేను రోజూ రుబ్బేదాన్ని. ఇడ్లీలు చూస్తే పిల్లలు ఏడుపుమొహం పెట్టేవాళ్ళు." నవ్వబోయి ఆగింది. "ఇప్పుడు స్విచ్చి వేసి నిలబడుతున్నాను. నోరు తెరుస్తాను. ఇల్లంతా వింటున్నట్టుంటుంది. మూసేస్తాను."

జరీనాకు ఉక్రోషం వచ్చింది. ఎవరి మీదో తెలియక ఎదురుగా ఉన్న మనిషి మీదే చూపించింది. "నోరు మీది కదండీ! గదిలో తలుపేసుకుని పాడుకోవచ్చుగా?"

"తలుపేసుకుంటే ఎందుకేసుకున్నావంటారమ్మా. గ్రైండరు వేసుకుంటే ఎవరూ అడగరు."

ఈ సంగతి పాలిటెక్నిక్ సిలబస్‌లో లేదు. జరీనా పాత సామాను డబ్బా బోర్లించి వెతికి, గ్రీజు కారుతున్న ఆ బేరింగు తీసి బల్లమీద పెట్టింది. వేలితో తిప్పితే గరగరమంది. భ్రమరాంబ వంగి, తప్పిపోయిన మనిషి గొంతు ఫోనులో విన్నట్టు విన్నది.

"ఇది మళ్ళీ పెడితే మోటారు కాలిపోతుంది" అంది మార్తమ్మ.

"ఎన్నాళ్ళకి?"

మార్తమ్మ జీవితంలో చాలామంది కస్టమర్లను చూసింది. మోటారు కాలిపోతుందంటే ఎన్నాళ్ళకి అని ఆశగా అడిగిన మనిషిని చూడలేదు. బేరింగు చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, "మహా అయితే ఈ వేసవి లాగుతుంది" అంది.

"చాలు. ఒక్క వేసవి చాలు. అత్త చివరి పద్యం ఒకటుంది. దాని రాగం ఒక్క గుక్కలో పైదాకా తియ్యాలి. సగందాకా వచ్చాను. ఈ వేసవి పాడుకుంటే అందుకుంటాను. తరవాత కాలిపోనివ్వండి."

"మీ ఆయనకి తెలుసా, నువ్వు పాడతావని?" అని మార్తమ్మ అడిగింది.

"అబ్బే. ఆ మోతలో ఆయనకేం వినపడుతుంది?"

జరీనా తలెత్తింది. బెంగుళూరుదాకా వినపడిన కేకలు ఎవరివో ఆమెకు అప్పుడు తెలిసింది. పక్కగదిలో కూర్చున్న మనిషికి అవి వినపడకుండా ఉంటాయా? నోటిదాకా వచ్చిన మాటను మార్తమ్మ కంటిచూపుతో ఆపింది.

"పెట్టాలో వద్దో తరవాత చూద్దాం. ముందు ఎంత నాదం కావాలో నాకు తెలియాలిగా" అని, పరీక్షకోసం బల్లకు బిగించి ఉన్న మోటారు ఇరుసుకు ఆ పాత బేరింగు తొడిగి స్విచ్చి వేసింది. దుకాణమంతా మోత. ఆ మోత అడుగున, సన్నగా, గుయ్యిమని ఆ నాదం. భ్రమరాంబ సందుకు వీపు తిప్పి, గోడవైపు నిలబడింది. కళ్ళు మూసుకుంది. స్టూలు అంచు పట్టుకున్న చెయ్యి గద పట్టినట్టు బిగుసుకుంది.

అంత సన్నటి మనిషిలోంచి సన్నటి గొంతే వస్తుందనుకుంది జరీనా. వచ్చింది రాజు గొంతు. యుద్ధంలో ఓడి, నది అవతల నిలబడి, తనది కాకుండా పోయిన రాజ్యంలోని ఊళ్ళను ఒక్కొక్కటే పేరు పెట్టి పిలుచుకునే రాజు. ప్రతి పేరు దగ్గరా గొంతు కాసేపు ఆగి, ఆ ఊరి పొలిమేర దాటలేక దాటినట్టు, ముందుకు కదిలేది. జరీనాకు నాటకాలంటే తెలియదు. అయినా ఆ ఊళ్ళలో ఒకటి తనదే అనిపించింది. తను ఎప్పుడు పోగొట్టుకుందో మాత్రం గుర్తు రాలేదు.

నాలుగో పాదం ఎత్తుకునేసరికి కరెంటు పోయింది.

ఫ్యాను ఆగింది. మోటారు నీరసించి, మూలిగి, నిలిచిపోయింది. భ్రమరాంబకు తెలియలేదు. ఆ నాదం ఆమె లోపల ఇంకా మోగుతున్నట్టుంది. గొంతు ఎక్కడా తొణకలేదు. మోత పోయిన ఆ నిశ్శబ్దంలో రాగం ఒక్కటే పైకి, ఇంకా పైకి ఎక్కసాగింది. ఎదురు కొట్టులో పంక్చరు వేస్తున్న అతను గాలి కొట్టడం ఆపి నిలబడ్డాడు. టీ పట్టుకెళ్తున్న మనిషి గ్లాసుల ట్రేతో అలాగే ఆగిపోయాడు. రిక్షాలో వెళ్తున్న ఒక ముసలామె రిక్షా ఆపించింది. జరీనా ఊపిరి బిగబట్టింది, తను విడిస్తే ఆమెకు తరుగుతుందేమో అన్నట్టు. సగం దాటింది. ఇంకొక్క మెట్టుంది.

అప్పుడు భ్రమరాంబకు తన గొంతు తనకు వినపడింది. కళ్ళు తెరిచింది. ఆగిపోయింది.

బయటినుంచి ఎవరో, "ఎవరయ్యా ఆ పాడేది? ఆపేశారేం?" అని అరిచారు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కళ్ళు మాత్రం కొంగుకు పైన మెరుస్తున్నాయి, భయమో మరేమో. "పప్పు నానబోసి వచ్చానండీ" అంది. సంచీ తీసుకుని, జనంలోంచి తల వంచుకుని దారి చేసుకుంటూ, సందు మలుపు తిరిగింది. మలుపు దగ్గర తల ఎత్తినట్టు జరీనాకు కనిపించింది. సరిగా చూసేలోపే కనుమరుగైంది.

బేరింగు మోటారు మీదే ఉండిపోయింది. జరీనా దాన్ని గబగబా ఊడదీసి గుడ్డలో చుట్టింది. "మర్చిపోయిందండీ పాపం! పరిగెత్తుకెళ్ళి ఇచ్చి వస్తాను. పాడుకోవడానికి ఆ చప్పుడు ఉండాలిగా ఆవిడకి."

మార్తమ్మ రాగితీగ అందుకుంది.

"పాడటానికి ఆవిడకేం అక్కర్లేదే పిల్లా. వినేవాళ్ళకి కావాలి ఆ చప్పుడు, వినలేదని చెప్పుకోవడానికి."