దూది మాట

హుస్సేనయ్య మాస్టారికి ఆ గురువారం అన్నం సయించలేదు. పదో తరగతి ఫలితాలు వచ్చి వారమైంది. ఆరేళ్లుగా ఆయన చెప్పే లెక్కల్లో ఒక్కరూ తప్పలేదు. ఈసారి ఒక పిల్ల తప్పింది. మిగతా పరీక్షలన్నీ గట్టెక్కి, లెక్కల్లో మాత్రం పదకొండు మార్కుల దగ్గర కూలబడింది. ఆ పిల్ల పేరు సుంకులమ్మ.

సుంకులమ్మకు తండ్రి లేడు. తల్లి ఈరమ్మ ఏటా చలికాలంలో గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోతుంది. ఆదోని పక్క పల్లెల్లో ఆ వలసను సుగ్గి అంటారు. ఒక్కగానొక్క కూతుర్ని విడిచి ఒక్క పూట కూడా ఉండలేదు గనక, బడి ఉన్నా లేకున్నా వెంట తీసుకుపోతుంది. పిల్ల తప్పిందని తెలిశాక ఆమె ఇంకేమీ ఆలోచించలేదు. ఇద్దరూ బెంగళూరుకు, కట్టడం పనికి. శుక్రవారం తెల్లవారగానే కూలీల బండి వస్తుంది.

మళ్లీ పరీక్ష రాసేవాళ్ల దరఖాస్తుకు గడువు కూడా ఆ శుక్రవారమే. మాస్టారే కాగితమంతా నింపి పెట్టాడు. సంతకం ఒక్కటే కావాలి. పిల్ల పెట్టనంటోంది.

ఆయన రెండుసార్లు వాళ్ల ఇంటికి వెళ్లాడు. ఓడిపోయి గెలిచిన గొప్పవాళ్ల కథలు నాలుగు చెప్పాడు. ధైర్యంగా ఉండమన్నాడు. సుంకులమ్మ తలుపు వెనక నిలబడి కాలి బొటనవేలు చూసుకుంటూ అంతా విన్నది. ఆఖర్న, "నాకు రాదు సార్," అని లోపలికి పోయింది.

ఆ మధ్యాహ్నం ఆయన లాల్ సాబు తాత దగ్గరికి బయలుదేరాడు.

తాత ఊరి చివర చిన్న దర్గా పక్కన ఉంటాడు. పాత పరుపులు విప్పి, దూది ఏకి, మళ్లీ కుట్టి ఇస్తాడు. ఇద్దరిదీ దూదేకుల కులమే. హుస్సేనయ్య తండ్రీ ఆ పనే చేశాడు. కొడుకు మాత్రం చదువుకుని ఆ దుమ్ములోంచి బయటపడ్డాడు. అయినా పదిహేనేళ్లుగా ప్రతి గురువారం వచ్చి తాత ఎదుట కూర్చుంటాడు. తాత పెద్దగా ఏమీ బోధించడు. అసలు చాలాసార్లు మాట్లాడనే మాట్లాడడు. అయినా అక్కడినుంచి లేచేటప్పుడు మనసు కుదుటపడి ఉంటుంది.

ఆ రోజు కుదుటపడలేదు. తాత గడ్డలు కట్టిన దూదిని చేత్తో విప్పుతుంటే మాస్టారు తన గోడంతా వెళ్లబోసుకున్నాడు.

"నా వంతు నేను చేసినా స్వామీ. చెప్పాల్సిందంతా చెప్పినా. అర్థం కాని పిల్లకు ఎవరు మాత్రం ఏం చేస్తారు? ఆరేండ్ల పేరు, ఒక్క పిల్లతో పోయె."

తాత చేతులు ఆగాయి. "యా లెక్క అది, ఆ పాప తప్పింది?"

"అట్లాంటివి చానా ఉండాయి."

"ఒకటి చెప్పు. నేనూ నేర్చుకుంటా."

మాస్టారు నవ్వాడు. తాత బడి మెట్టు ఎక్కిన పాపాన పోలేదు. అయినా గురువు అడిగాక కాదనలేక, సుద్దముక్క తెప్పించి బండమీద రాశాడు. అన్నిట్లోకీ తేలికైనది ఎంచుకున్నాడు. మూడు ఎక్సులకు ఐదు కలిపితే ఇరవై.

"ఎక్స్ అంటే ఏంది?"

"మనకు తెలియని సంఖ్య స్వామీ."

"తెలీనిదానికి ఐదు ఎట్ల కలిపితివి?"

మాస్టారు ఓపిగ్గా చెప్పాడు. తాత చెవి రిక్కించి విన్నాడు, తల ఊపాడు. మళ్లీ మొదటికే వచ్చాడు. మాస్టారు మళ్లీ చెప్పాడు. ఐదును సమానం గుర్తుకు ఆ పక్కకు పంపితే తీసివేత అవుతుందన్నాడు.

"ఎందుకయితాది?"

"అవుతుంది స్వామీ. అది పద్ధతి."

"ఈ పక్క కలిపేది ఆ పక్కకు పోతానే తీసేది ఎట్లయింది? నేను ఆడ నిలిచిపోయినా. నువ్వు ముందుకు పోతాండావు."

మాస్టారు తుడిచి మళ్లీ రాశాడు. ఎండ చూరు దాటి బండమీదికి వచ్చింది. నాలుగోసారి తాత సుద్దముక్క తనే తీసుకుని, నాలుక కొస బయటపెట్టి, చిన్నపిల్లవాడిలా ఒక్కొక్క అంకె దిద్దాడు. ఐదును అటు పంపాడు. పంపి, ఇరవైకి కలిపాడు. ఇరవై ఐదు అని రాసి, సరిపోయిందా అన్నట్టు తలెత్తి చూశాడు.

"ఇంతసేపు ఏం చెప్పినా! తలకాయలో దూది నింపుకొచ్చినావా?"

మాట నోరు దాటాక గాని హుస్సేనయ్యకు తాను ఎవరినన్నాడో తెలియలేదు.

తరగతి గదిలో అది ఆయన ఊతపదం. రోజుకు పదిసార్లు అంటాడు. పిల్లలు నవ్వుతారు. ఎవరిని అన్నాడో ఆ ఒక్కరు తప్ప. ఆయన ఎవరి బిడ్డో, ఆ మాట ఆయన నోటికి ఎందుకు అంత సులువుగా వచ్చిందో ఎవరూ అడగలేదు. ఆయనా ఆలోచించలేదు. చిన్నప్పుడు బడిలో తనను ఆ మాటతోనే ఏడిపించేవాళ్లని మాత్రం ఇప్పుడు, ఆ బండమీద కూర్చున్నప్పుడు, గుర్తొచ్చింది. సిగ్గుతో కుంగిపోయాడు.

"స్వామీ..." అని రెండు చేతులూ జోడించాడు.

తాతకు కోపం రాలేదు. సుద్దముక్క జాగ్రత్తగా పక్కన పెట్టాడు. తన చేతిని ముందుకు చాచాడు. ముడతలు పడిన చెయ్యి, వేళ్ల సందుల్లో దూదిపోగులు.

"పట్టుకో."

హుస్సేనయ్య పట్టుకున్నాడు. మండుటెండలో ఆ చెయ్యి చల్లగా ఉంది.

"నాకు డెబ్బై మూడేండ్లు హుస్సేనూ. నేను నీ గురువునని నీకు తెలుసు, నాకూ తెలుసు. దూదితోనే అన్నం తిన్నోన్ని. ఆ మాటకు నాకే చేతులు సల్లబడినాయి." కాస్త ఆగి అడిగాడు. "ఆ పాపకెన్నేండ్లు?"

"పదారు," అన్నాడు హుస్సేనయ్య.

తాత మళ్లీ దూది ముందుకు జరిగాడు. తాతకు ఆ లెక్క నిజంగానే రాలేదా, రానట్టు నటించాడా అని హుస్సేనయ్య అడగబోయి మానుకున్నాడు. ఏదైనా ఒకటే.

శుక్రవారం తెల్లవారకముందే ఆయన బస్సుల మలుపు దగ్గరికి వెళ్లాడు. అప్పటికే పది పన్నెండు కుటుంబాలు మూటలతో, బిందెలతో దుమ్ములో కూర్చుని ఉన్నాయి. ఈరమ్మ ఆయన్ను చూసి లేచి నిలబడింది. మొహం చిట్లించుకుంది, మళ్లీ కథలు చెప్పడానికి వచ్చాడని.

"వద్దులే సార్. దానికి రాదంటే రాదు. ఇంకా ఎన్నితూర్లు సిగ్గు పడాల అది?"

సుంకులమ్మ పోయి తల్లి వెనక నక్కింది. హుస్సేనయ్య ఆ పిల్ల ముందు నేలమీద కూలబడ్డాడు. ఇస్త్రీ ప్యాంటుకు ఎర్రమట్టి అంటుకుంది. మూటల దగ్గరున్న జనం మాటలు ఆపి చూశారు.

"నిన్ను దూది మాట అన్నాను పాపా, అందరి ముందర. తప్పు నాది." అంతమంది ముందూ చెప్పాడు, గొంతు తగ్గించకుండా. తర్వాత అడిగాడు. "లెక్కల్లో నువ్వు యాడ నిలిచిపోయినావు?"

పిల్ల తల ఎత్తలేదు. ఆయన కాచుకుని కూర్చున్నాడు. దూరంగా బండి దీపాలు కనిపించాయి. జనం మూటలు ఎత్తుకోసాగారు.

"ఆరో తరగతిలో సార్," అంది సుంకులమ్మ. "భిన్నాల కాడ. అవి చెప్పేటప్పుడు మేము మిరక్కాయల సుగ్గిలో ఉంటిమి. వచ్చేసరికి అయిపోయుండె."

"ఎవరినీ అడగలేదా?"

"ఎవురూ అడగలేదు సార్."

ఆయన అడిగింది ఒకటి, ఆ పిల్ల చెప్పింది ఇంకొకటి. రెండోదే ఆయనకు తగిలింది. ఎనిమిది, తొమ్మిది, పది. మూడేళ్లు ఆ పిల్ల తన కళ్లెదుట, రెండో బల్లమీద, భిన్నాల దగ్గరే కూర్చుని ఉండిపోయింది. తాను మాత్రం ముందుకు పోతూనే ఉన్నాడు.

"ఆడినుంచే మొదలుపెడదాం," అన్నాడు.

"పరీచ్చకు ఇంక పదైదు దినాలే గదా సార్. వస్తాదా నాకు?"

మామూలుగా అయితే ఎందుకు రాదు, తప్పకుండా వస్తుంది అనేవాడు. ఈసారి ఆ మాట నోటికి రాలేదు.

"తెలీదు పాపా. ఈ పదైదు దినాల్లో రాకుంటే, ఆ తర్వాత కూడా నేను ఉంటా."

బండి వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ కొట్టాడు. ఈరమ్మ కూతుర్ని చూసింది, మట్టిలో కూర్చున్న మాస్టార్ని చూసింది. బండిలోకి విసిరిన మూటల్లోంచి ఒకదాన్ని లాగి కిందికి దించింది. అది పిల్ల బట్టల మూట.

"పిన్నమ్మ ఇంట్లో ఉండు. యాలకు అన్నం తిను," అంది. కొంగు నోటికడ్డం పెట్టుకుని బండెక్కింది.

మాస్టారు తెచ్చిన దరఖాస్తుమీద సుంకులమ్మ సంతకం పెట్టింది. పెడుతుండగానే బండి కదిలింది. ఆ పిల్ల కలం వదిలేసి పది అడుగులు వెంట పరుగెత్తి, ఆగిపోయి, దారి మధ్యలో నిలబడి బావురుమంది. పుట్టి బుద్ధెరిగాక తల్లి లేకుండా ఒక్క రాత్రి నిద్రపోయి ఎరగదు.

హుస్సేనయ్య వెళ్లి ఆమెను దారి పక్కకు తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఏడవద్దని చెప్పలేదు. ధైర్యంగా ఉండమనీ చెప్పలేదు. ఆమె ఏడుపు అయ్యేదాకా పక్కనే కూర్చున్నాడు.