ముగ్గుపిండి మింగిన యంత్రం

గాలి వీస్తే చాలు ఎర్రమట్టి ఎగిరే గిరికోన రాజ్యంలో, కొలువుకూటం తివాచీలు దులిపే పని పైడమ్మది. ఒకనాడు రత్నాల శెట్టి అనే వర్తకుడు తోలుతిత్తులు బిగించిన పెద్ద యంత్రమొకటి మోయించుకొచ్చాడు.

“ఇది దుమ్మును ఇట్టే పీల్చేస్తుంది, మహాప్రభూ! ఇక దులిపేవాళ్లతో పనే లేదు” అంటూ నీలి తివాచీ మీద గుప్పెడు ముగ్గుపిండి చల్లాడు. తిత్తులు బుసలు కొట్టాయి. పిండి మాయమైంది. సభంతా చప్పట్లు కొట్టింది.

రాజుగారు ముచ్చటపడిపోయి, “పైడమ్మా, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు” అన్నారు.

పైడమ్మ బెదరలేదు. “చిత్తం, దొరా. పోయేముందు ఆ యంత్రం సంచి ఒక్కసారి విప్పించండి. అది నిండిందో లేదో చూసి దులుపుకోకపోతే రేపు పీల్చదు కదా!” అంది.

రాజుగారు సైగ చేయగానే భటుడు సంచి విప్పాడు. లోపలంతా తెల్లటి ముగ్గుపిండే. ఎర్రమట్టి చిటికెడైనా లేదు.

పైడమ్మ అదే తివాచీని దండెం మీద వేయించి కర్రతో ఒక్కటిచ్చింది. గుప్పున లేచిన ఎర్రదుమ్ము శెట్టిగారి తెల్లతలపాగాను ముంచేసింది.

“ఏమిటిది, శెట్టీ?” అని రాజుగారు గర్జించారు.

“యంత్రాన్ని ఏమీ అనకండి, దొరా” అంది పైడమ్మ. “మహా నిజాయితీ గలది. తన యజమాని సొమ్ము తప్ప పరాయివాళ్ల దుమ్ము ముట్టదు!”

అందరికన్నా ముందు రాజుగారే నవ్వారు. శెట్టి ఇంకా తుమ్ముతూ ఉండగానే పైడమ్మ రెండో తివాచీ ఎత్తింది.